పాపకు వయొలిన్: మాస్టారి దగ్గరా, ఫోన్‌లోనా?

ప్రశ్న: మా పాపకు ఎనిమిదేళ్లు. వయొలిన్ నేర్చుకుంటానంటోంది. ఆన్‌లైన్ పాఠాలు సరిపోతాయా? ఎలాంటి వయొలిన్ కొనాలి?
– ఒక తల్లి, తాడేపల్లి

జవాబు: మొదటి ఏడాదైనా గురువు ఎదుటే కూర్చోబెట్టండమ్మా. కర్ణాటక సంగీతంలో నేల మీద కూర్చుని, వయొలిన్ తలను కుడి చీలమండ మీద ఆనిస్తారు. అప్పుడు ఎడమచేతికి బరువుండదు, వేళ్లు తీగ మీద జారి గమకం పలుకుతుంది. మణికట్టు ముడుచుకున్నా, కమాను పక్కకు పోయినా మాస్టారు అప్పటికప్పుడు చేయి పట్టుకుని దిద్దుతారు. ఫోన్ తెర మీద ఆ పని జరగదు. పైగా వీణకున్నట్టు వయొలిన్‌కు మెట్లుండవు. స్వరం ఎక్కడుందో చెవే చెప్పాలి.

వారధి దాటితే విజయవాడే కదా. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు బాలమురళీకృష్ణను, వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామిని తీర్చిదిద్దిన ఊరది. ఘంటసాల పేరిట ప్రభుత్వ సంగీత కళాశాల కూడా అక్కడే ఉంది. పాప వయసుకు ప్రవేశం ఉందేమో ఒకసారి వెళ్లి అడగండి. లేదంటే ఇంటి దగ్గర చెప్పే మంచి గురువును చూసుకోండి. చేర్పించే ముందు ఒక పాఠం పక్కన కూర్చుని వినండి. పిల్లల్ని కసిరేవారైతే ఎంత విద్వత్తున్నా నాకు సమ్మతం కాదు.

పెద్దయ్యాక పనికొస్తుందని ఫుల్ సైజు కొనకండి. ఈ వయసుకు సాధారణంగా హాఫ్ సైజు సరిపోతుంది, అయినా చేయి కొలిచి మాస్టారే చెప్పాలి. అద్దెకు దొరికితే ఇంకా మేలు. రోజూ శ్రుతి పెట్టుకుని పావుగంట సరళీ వరుసలు వాయిస్తే చాలు. చుట్టాలొచ్చినప్పుడల్లా వాయించమని మాత్రం అడగకండి.