చేతులు నేర్చిన నాదం

పాఠ్యభాగ ఉద్దేశం

అభిరుచి మనిషికి తీరిక వేళల్లో ఉల్లాసాన్ని ఇస్తుంది. అది శాస్త్రజ్ఞానంతో, హస్తనైపుణ్యంతో కలిసినప్పుడు సృష్టిగా మారుతుంది. విద్యుత్ గిటార్లను, సింథసైజర్లను స్వయంగా తయారుచేసుకోవడం అటువంటి అభిరుచుల్లో ఒకటి. ధనాభావం వల్ల వాద్యాన్ని తానే నిర్మించుకున్న ఒక విద్యార్థి కథనూ, ఆటగా మొదలైన పనితో సంగీత ప్రపంచానికి కొత్త వాద్యాన్ని అందించిన మరొకరి కథనూ ఆధారంగా చేసుకొని, ఈ వాద్యాల వెనుక ఉన్న శాస్త్రసూత్రాలను పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

వాద్యాన్ని వాయించేవారు వేరు, తయారుచేసేవారు వేరు అనే భావన లోకంలో స్థిరపడిపోయింది. పనసమానులో వీణను మలిచే బొబ్బిలి కళాకారులు తరతరాల అనుభవంతో ఆ విద్యను నిలుపుకుంటూ వచ్చారు. అటువంటి వంశపారంపర్య విద్య లేనివారు, గురువు దగ్గర పని నేర్చుకోని వారు వాద్యాన్ని నిర్మించగలరా? ఇరవయ్యో శతాబ్దంలో విద్యుత్తు సంగీతంలోకి ప్రవేశించిన తరువాత ఈ ప్రశ్నకు కొత్త సమాధానం దొరికింది. కొయ్యపని కొంత, విద్యుత్ విజ్ఞానం కొంత, ఓర్పు మరికొంత ఉంటే సామాన్యుడు కూడా తన ఇంట్లోనే ఒక వాద్యాన్ని రూపొందించుకోగలడని ఎందరో నిరూపించారు.

తీగ పలికే తీరు

సాధారణ గిటారులో తీగ కంపనం చిన్నది. దాన్ని బోలుగా ఉన్న పెట్టె గ్రహించి, గాలిని కదిలించి మన చెవులకు వినిపించేలా చేస్తుంది. విద్యుత్ గిటారులో ఈ పని చాలావరకు పికప్ అనే చిన్న పరికరానిది. శాశ్వత అయస్కాంతం చుట్టూ వెంట్రుకకన్నా సన్నని రాగి తీగను కొన్ని వేల చుట్లు చుడితే అది పికప్ అవుతుంది. దాని పైన ఉక్కు తంత్రి కంపించినప్పుడు అయస్కాంత అభివాహం మారుతుంది. ఆ మార్పు వల్ల తీగచుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. మైకేల్ ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రమే ఇది. ఆ బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని ఆంప్లిఫయర్ బలపరచి స్పీకరుకు అందిస్తుంది. పికప్ గ్రహించేది ఉక్కు కదలికను మాత్రమే; నైలాన్ తంత్రి దానికి వినపడదు.

ధ్వనిపెట్టె అవసరం తప్పిపోవడంతో ఘనమైన కొయ్యదిమ్మతో కూడా గిటారు చేయవచ్చునని తేలింది. అమెరికన్ వాద్యకారుడు లెస్ పాల్ 1940 ప్రాంతంలో నాలుగు అంగుళాల చదరపు దూలానికి తంత్రులు, పికప్‌లు బిగించి వాయించాడు. చూసేవారికి అది గిటారులా కనిపించకపోవడంతో, మామూలు గిటారు పెట్టెను రెండుగా కోసి దాని ఇరుపక్కలా రెక్కల్లా అతికించాడు. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసే లియో ఫెండర్ 1954లో విడుదల చేసిన స్ట్రాటోకాస్టర్ యువకుల కలగా మారింది. అయితే ఆ కలకు వెల ఎక్కువ.

పేదరికం నేర్పిన పాఠం

ఇంగ్లండులో లండన్ శివారున నివసించే బ్రయాన్ మే అనే బాలుడు ఆ గిటారును కోరుకున్నవారిలో ఒకడు. అతడు 1947లో జన్మించాడు. తండ్రి హెరాల్డ్ మే ఎలక్ట్రానిక్స్ తెలిసిన ఉద్యోగి. కుమారుడికి అంత ఖరీదైన వాద్యం కొనిపెట్టే శక్తి ఆ కుటుంబానికి లేదు. కొనలేనిదాన్ని తయారుచేద్దామని తండ్రీకొడుకులు నిశ్చయించుకున్నారు. 1963లో పని మొదలైంది. చేతి పనిముట్లతో సుమారు రెండేళ్ళు శ్రమించారు.

వారు వాడిన సామగ్రిని గమనిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. చలిమంట గూటి చుట్టూ బిగించిన పాత మహాగని కొయ్యతో గిటారు మెడను చెక్కారు. ఆ కొయ్య వయస్సు నూరేళ్ళకు పైమాటే. పురుగులు తొలిచిన రంధ్రాలను అగ్గిపుల్లలతో పూడ్చారు. పాత బల్ల నుంచి తీసిన ఓక్ చెక్క శరీరంలో ఒదిగింది. మెట్ల స్థానాలను సూచించే తెల్లని చుక్కలు తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప బొత్తాలు. తంత్రుల బిగువును క్షణకాలం మార్చి స్వరాన్ని ఊగించే మీటకు పాత మోటారు సైకిలు ఇంజను నుంచి తీసిన కవాటాల స్ప్రింగులు ఆధారమయ్యాయి. ఆ మీట ఒక సైకిలు సంచిని పట్టి ఉంచే ఇనుపకమ్మీ. దాని కొనకు తొడిగింది అల్లిక సూది ముక్క. మొత్తం ఖర్చు దాదాపు ఎనిమిది పౌన్లు.

చౌకగా చేసినంత మాత్రాన అది ఏదో ఒక విధంగా అతికించిన వస్తువు కాదు. స్వరాన్ని ఊగించిన తరువాత తంత్రులు తిరిగి సరైన శ్రుతికి రావాలంటే మీట తిరిగే చోట ఘర్షణ అతి తక్కువగా ఉండాలి. అందుకోసం గట్టి ఉక్కు కత్తి అంచు మీద మొత్తం భాగం ఊగేలా అమర్చారు. త్రాసు ముల్లు ఊగడానికి వాడే ఉపాయమే ఇది. శరీరం లోపల కొంత ఖాళీ వదిలారు. స్పీకరు నుంచి వెలువడిన ధ్వని తంత్రులను తిరిగి కదిలించి స్వరాన్ని నిలబెట్టాలన్నది వారి ఆలోచన.

మెట్లను అమర్చడం కూడా గణితమే. ఒక స్థాయిలో పన్నెండు స్వరస్థానాలు సమానంగా ఉండాలంటే ప్రతి మెట్టు దగ్గర పౌనఃపున్యం 1.0595 రెట్లు పెరగాలి. అందుకు మిగిలిన తంత్రి పొడవును 17.817తో భాగించి, వచ్చినంత దూరంలో తరువాతి మెట్టును పెట్టాలి. బ్రయాన్ గిటారులో కంపించే తంత్రి పొడవు 24 అంగుళాలు. మొదటి మెట్టు సుమారు 1.35 అంగుళాల దగ్గర, పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, అంటే 12 అంగుళాల దగ్గర, ఇరవై నాలుగో మెట్టు 18 అంగుళాల దగ్గర వస్తాయి. మన వీణకు కూడా ఇరవై నాలుగు మెట్లే. కానీ వీణ మెట్లను మైనంలో నిలుపుతారు కనుక చెవి తీర్పును బట్టి సవరించుకోవచ్చు. గిటారు మెట్లు కొయ్యలో దిగిపోతాయి. ఒకసారి కోసిన గాడి తప్పితే ప్రతి పాటలోనూ ఆ అపస్వరం వినిపిస్తూనే ఉంటుంది. కొలతలో నిజాయితీ లేనివాడికి ఈ పని లొంగదు.

అన్నీ మొదటిసారే కుదరలేదు. బ్రయాన్ తొలుత పికప్‌లను కూడా స్వయంగా చుట్టాడు. వాటి ధ్వని బాగానే ఉన్నా, తంత్రిని పక్కకు లాగి వాయించినప్పుడు అయస్కాంత ధ్రువాల అమరిక వల్ల అవాంఛిత శబ్దం వచ్చేది. చివరకు బర్న్స్ సంస్థ పికప్‌లు మూడు కొని, అనవసర కంపనాలు తగ్గేందుకు వాటిలో జిగురు నింపి బిగించాడు. చేయగలిగింది చేయడం, చేతకానిది గుర్తించి కొనడం కూడా నిర్మాత తెలివిలో భాగమే.

'రెడ్ స్పెషల్' అనే ఆ గిటారుతోనే అతడు క్వీన్ బృందంలో ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. 2002లో బ్రిటిష్ రాణి స్వర్ణోత్సవాల సందర్భంగా బకింగ్‌హామ్ ప్రాసాదం పైకప్పు మీద నిలబడి వాయించింది కూడా దానితోనే. అయితే ఈ విజయానికి ఒక మూల్యం ఉంది. ఖగోళ భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్న కుమారుడు దాన్ని మధ్యలో విడిచి సంగీతాన్ని ఎంచుకోవడం తండ్రికి తీవ్రమైన మనస్తాపం కలిగించింది. గిటారు చేయడానికి చేయి కలిపిన తండ్రే, ఆ గిటారు విద్యాభ్యాసాన్ని మింగివేసిందని బాధపడ్డాడు. కొన్నేళ్ళకు న్యూయార్క్‌లోని పెద్ద కచేరీకి వచ్చి, వేలాది శ్రోతల మధ్య ఆ కొయ్య పలుకుతుంటే విన్న తరువాతనే ఆయన మనసు కుదుటపడింది. బ్రయాన్ మే విడిచిన పరిశోధనను మళ్ళీ చేపట్టి 2007లో ఇంపీరియల్ కళాశాల నుంచి డాక్టరేటు పొందాడు. అప్పటికి తండ్రి జీవించి లేడు.

వోల్టు స్వరమైన వేళ

తంత్రి కూడా లేకుండా విద్యుత్తు నుంచే స్వరాన్ని పుట్టించేది సింథసైజరు. దీని చరిత్రలో ప్రముఖుడైన రాబర్ట్ మూగ్ 1934లో న్యూయార్క్‌లో జన్మించాడు. తల్లి అతణ్ణి పియానో విద్వాంసుణ్ణి చేయాలనుకుంది. అతని మనసు మాత్రం ఇంజనీరైన తండ్రి పనిగదిలో ఉండేది. రష్యన్ శాస్త్రవేత్త లెవ్ తెర్మెన్ రూపొందించిన థెరెమిన్ అనే వాద్యాన్ని, పత్రికలో వచ్చిన పటాల సాయంతో, పద్నాలుగేళ్ళ వయస్సులో మూగ్ తయారుచేశాడు. చేతితో తాకకుండా, గాలిలో చేతులు కదిలిస్తేనే పలికే వాద్యం అది. తరువాత థెరెమిన్ విడిభాగాలను పొట్లాలుగా కట్టి, ఇంట్లోనే చేసుకోదలచిన ఔత్సాహికులకు అమ్మి తన చదువుకు డబ్బు సమకూర్చుకున్నాడు.

1964లో స్వరకర్త హెర్బర్ట్ డాయిచ్‌తో కలిసి అతడు చేసిన ప్రయోగాల నుంచి మూగ్ సింథసైజరు పుట్టింది. అందులోని ప్రధాన భావన సరళమైనది. డోలకం అనే వలయానికి ఇచ్చే వోల్టేజి ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి పోతుంది. 110 హెర్ట్‌జ్‌ల స్వరం ఒక వోల్టు పెరగగానే 220 అవుతుంది, మరో వోల్టుకు 440. స్వరస్థానానికీ స్వరస్థానానికీ మధ్య తేడా వోల్టులో పన్నెండో వంతు. డోలకం పుట్టించిన ధ్వనిలో కొన్ని పౌనఃపున్యాలను ఫిల్టరు తొలగిస్తుంది. ఆంప్లిఫయర్ ధ్వని ఎలా మొదలై ఎలా అణగాలో నిర్ణయిస్తుంది. ఈ మూడింటినీ తీగలతో ఒకదానికొకటి కలిపి వేణువును తలపించే నాదాన్నీ, ఉరుమును తలపించే నాదాన్నీ పుట్టించవచ్చు. 1968లో వెండీ కార్లోస్ బాఖ్ కృతులను ఈ వాద్యంపై వాయించి విడుదల చేసిన రికార్డు లోకాన్ని ఆకర్షించింది.

ఔత్సాహికుని బల్ల మీద

నేడు ఈ అభిరుచిని చేపట్టదలచినవారు పెద్ద వాద్యంతో మొదలుపెట్టనక్కరలేదు. ఒక 555 టైమర్ చిప్, రెండు మూడు నిరోధకాలు, ఒక కెపాసిటర్, చిన్న స్పీకరు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఉంటే ఒక స్వరం పలుకుతుంది. నిరోధకం విలువ మారిస్తే స్వరం మారుతుంది. గిటారు విషయంలో పాత గిటారుకు పికప్ మార్చడం, తీగలకు టంకం వేయడం నేర్చుకున్న తరువాతనే మెడ చెక్కడానికి పూనుకోవడం మంచిది. జాగ్రత్తలు అత్యవసరం. టంకం వేసేటప్పుడు గాలి ఆడే చోట కూర్చోవాలి. ఇంటి విద్యుత్తుతో నేరుగా పనిచేసే వలయాలను, ముఖ్యంగా పాత వాల్వు ఆంప్లిఫయర్లను, అనుభవజ్ఞులు పక్కన లేకుండా తెరవరాదు. స్విచ్చు ఆపిన తరువాత కూడా వాటి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది.

వాద్యాన్ని తన అవసరానికి మలుచుకోవడం మనకు కొత్త కాదు. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ పాశ్చాత్య వాద్యాన్ని కర్ణాటక సంగీతానికి అనువుగా మార్చుకున్నాడు. జంటతీగల మాండొలిన్‌పై గమకాలు పలకడం కష్టమని గ్రహించి, విద్యుత్ మాండొలిన్‌కు ఐదు ఒంటితీగలు అమర్చుకున్నాడు. సంగీతం వాద్యానికి లొంగలేదు. వాద్యమే సంగీతానికి లొంగింది.

అంగడిలో దొరికే వస్తువు మన చేతికి వచ్చేసరికి దాని రహస్యాలన్నీ మూసుకొని ఉంటాయి. చెడిపోతే పారవేయడం తప్ప మరో దారి తోచదు. తాను చేసిన వస్తువు మూగబోతే మనిషి భయపడడు. ఎక్కడ తీగ తెగిందో, ఎక్కడ టంకం వదిలిందో వెదుకుతాడు. భౌతికశాస్త్ర పుస్తకంలో సూత్రంగా చదివిన ప్రేరణ, అనునాదం, పౌనఃపున్యం అతని చేతుల్లో అనుభవాలుగా మారతాయి. చదువు వేరు, అభిరుచి వేరు అని గీత గీసుకొనే విద్యార్థులకు పాత కొయ్యతో, అల్లిక సూదితో పుట్టిన ఆ గిటారు చెప్పే పాఠం ఇదే.

కఠిన పదాలకు అర్థాలు

ధనాభావం : డబ్బు లేకపోవడం
తంత్రి : వాద్యానికి కట్టే తీగ
అభివాహం : ఒక తలం గుండా సాగే అయస్కాంత ప్రభావ పరిమాణం
పౌనఃపున్యం : సెకనుకు జరిగే కంపనాల సంఖ్య
డోలకం : క్రమబద్ధంగా కంపించే విద్యుత్ సంకేతాన్ని పుట్టించే వలయం
టంకం : లోహపు కొనలను కరిగిన లోహంతో అతకడం
మనస్తాపం : మనసులో కలిగే బాధ

ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. రెడ్ స్పెషల్ గిటారు నిర్మాణంలో వాడిన సామగ్రిని వివరించండి.
2. సింథసైజరులో స్వరం పుట్టి, మారే విధానాన్ని తెలపండి.
3. అభిరుచికీ, చదువుకూ గల సంబంధాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. పికప్ ఏ శాస్త్రసూత్రం ఆధారంగా పనిచేస్తుంది?
2. వీణ మెట్లను దేనిలో నిలుపుతారు?
3. మూగ్ పద్నాలుగేళ్ళ వయస్సులో తయారుచేసిన వాద్యం ఏది?

ఇ) సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. కొలతలో నిజాయితీ లేనివాడికి ఈ పని లొంగదు.
2. సంగీతం వాద్యానికి లొంగలేదు. వాద్యమే సంగీతానికి లొంగింది.

ఈ) కింది పదాలను విడదీసి సంధుల పేర్లు రాయండి.
ధనాభావం, విద్యాభ్యాసం, అత్యవసరం

ఉ) కింది పదాలకు విగ్రహవాక్యాలు రాసి సమాసాల పేర్లు తెలపండి.
తండ్రీకొడుకులు, స్వరస్థానం, హస్తనైపుణ్యం