లక్ష చిన్న ఫైళ్లను కంప్యూట్ నోడ్‌కు చేర్చడం ఎలా?

ఆదిలాబాద్ పత్తి చేలను ఉపగ్రహ చిత్రాల్లో గుర్తుపట్టే ప్రోగ్రాం రాస్తున్నారనుకుందాం. బాసర ట్రిపుల్ ఐటీలోనో, కొండగట్టు దగ్గరి నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీలోనో, కరీంనగర్ శాతవాహన విశ్వవిద్యాలయంలోనో చదివేవాళ్లు నిశ్చింతగా ఎంచుకోదగ్గ ప్రాజెక్టు ఇది. సెంటినెల్-2 ఉపగ్రహాల జంట ఐదు రోజులకోసారి ఇదే నేలను చూసి పోతుంది, చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. ఒక్కో చిత్రం 110 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు. పది మీటర్ల బ్యాండ్లలో ఒక్కో వైపు 10,980 పిక్సెళ్లు. దాన్ని 256 పిక్సెళ్ల ముక్కలుగా కోస్తే 1,849 ముక్కలు వస్తాయి. ఏడాదికి 73 చిత్రాలంటే 1,34,977 ఫైళ్లు. నాలుగు బ్యాండ్లతో ముక్క అర ఎంబీ ఉంటుంది, మొత్తం 70 జీబీ. వానాకాలం మబ్బు పట్టిన సగం చిత్రాలను పక్కన పెట్టినా 67 వేల ఫైళ్లు మిగులుతాయి.

ఇంత పని ల్యాప్‌టాప్‌తో కాదు, ఎన్నో కంప్యూటర్లు (నోడ్లు) కలిసి పనిచేసే క్లస్టర్ కావాలి. మనకు దగ్గర్లో కంది ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ ఉంది. 2015లో మొదలైన నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద వచ్చిన 838 టెరాఫ్లాప్స్ యంత్రం అది. ఏ క్లస్టర్‌లో అకౌంట్ దొరికినా కింద చెప్పే పద్ధతి దాదాపు ఒకటే. క్లస్టర్‌కు అప్పగించే పనులను, అంటే జాబులను, స్లర్మ్ అనే సాఫ్ట్‌వేర్ నడిపిస్తుందని అనుకుని చెబుతున్నాను. ఆదేశాల పేర్లను పలికే తీరులో రాశాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి.

ముందు మూడు చోట్ల తేడా తెలియాలి. హోమ్‌లో మీ కోడ్ ఉంటుంది, జాగా తక్కువ. స్క్రాచ్‌లో జాగా ఎక్కువ, అన్ని నోడ్లకూ కనిపిస్తుంది, కానీ అందరూ ఒకేసారి దాని మీదే పడతారు. మూడోది కంప్యూట్ నోడ్ సొంత డిస్క్. సాధారణంగా టీఎంపీ డైరెక్టరీ అక్కడే ఉంటుంది, అది ఆ నోడ్‌కు తప్ప ఇంకెవరికీ కనిపించదు. కొత్తవాళ్లు ఫైళ్లన్నీ స్క్రాచ్‌లో పోసి ప్రోగ్రాంను నేరుగా అక్కడి నుంచే చదివిస్తారు. ప్రోగ్రాంలోని మోడల్ నేర్చుకోవడానికి డేటా మొత్తాన్ని 20 సార్లు తిరగేస్తే 27 లక్షల సార్లు ఫైల్ తెరిచినట్టు. స్క్రాచ్ లస్టర్ అనే ఫైల్ సిస్టమ్ మీద నడిచేదైతే తెరిచిన ప్రతిసారీ మెటాడేటా సర్వర్‌ను అడగాలి. ఆ సర్వర్ మీ ఒక్కరిదే కాదు. మీ జాబ్ నత్తనడక నడవడమే కాక, ఎవరిదో వాతావరణ నమూనా కూడా ఆగి ఆగి నడుస్తుంది. అందుకే ఈ సంగతిని మొదటి రోజే నేర్పాలంటాను. దారి ఏమిటంటే, ఫైళ్లను మూటలుగా స్క్రాచ్‌కు పంపి, జాబ్ మొదట్లో నోడ్ సొంత డిస్క్ మీద విప్పుకుని అక్కడి నుంచే చదవడం.

మూట కట్టడం. మీ కంప్యూటర్ మీదే ముక్కలను టార్‌తో నెలకొక మూటగా కట్టండి. పత్తిని బోరాల్లో నింపి మార్కెట్ యార్డుకు తోలినట్టే ఇదీ, కాయ కాయగా మోయకూడదు. కుదించే ఆప్షన్ వద్దు, విప్పేటప్పుడు అనవసరంగా సమయం తింటుంది. మూట చెడకుండా చేరిందో లేదో తర్వాత చూసుకోవడానికి ప్రతి మూటకూ షా256సమ్ తీసి ఒక ఫైల్‌లో రాసుకోండి.

పంపడం. ఆర్‌సింక్‌ను పార్షియల్ ఆప్షన్‌తో వాడి మూటలను స్క్రాచ్‌కు పంపండి. 50 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్నా 70 జీబీకి మూడు గంటలు దాటుతుంది. మధ్యలో కరెంటు పోవచ్చు, నెట్ తెగిపోవచ్చు. పార్షియల్ ఉంటే అప్పటిదాకా వెళ్లినది వృథా కాదు. చేరాక షా256సమ్ మళ్లీ సరిచూడండి.

నోడ్ డిస్క్‌ను చూడటం. చిన్న ఇంటరాక్టివ్ జాబ్ తీసుకుని, కంప్యూట్ నోడ్ మీద డీఎఫ్ ఆదేశాన్ని టీఎంపీ డైరెక్టరీకి వేసి చూడండి, ఫైల్ సిస్టమ్ రకాన్ని కూడా చూపించమనండి. రకం టీఎంపీఎఫ్ఎస్ అని వస్తే అది డిస్క్ కాదు, ర్యామ్. అందులో 70 జీబీ పోస్తే మీ ప్రోగ్రాంకు మెమరీ మిగలదు. అలాంటి చోట మూటలను నోడ్ మీద విప్పకుండా స్క్రాచ్‌లోనే ఉంచి, హెచ్‌డీఎఫ్5 లాంటి పెద్ద ఫైళ్లుగా మార్చి చదవడం మేలు.

జాబ్ స్క్రిప్ట్ రాయడం. పైన ఎస్‌బ్యాచ్ వరసల్లో సమయం, నోడ్ల సంఖ్యతో పాటు టీఎంపీ ఆప్షన్‌తో 100 జీబీ అడగండి, అంతకన్నా చిన్న డిస్క్ ఉన్న నోడ్ మీకు రాదు. తర్వాత టీఎంపీలో జాబ్ ఐడీ పేరుతో డైరెక్టరీ చేయండి. అదే నోడ్‌లో మీ ఇంకో జాబ్ నడుస్తున్నా రెండూ కలవవు. మూటలను ఒక్కొక్కటిగా అక్కడికి తెచ్చి విప్పి, విప్పిన మూటను నోడ్ డిస్క్ నుంచి వెంటనే తీసేయండి, లేదంటే 100 జీబీ చాలదు. లెక్క సరిపోయిందో లేదో ఫైళ్లు ఎంచి చూసి, తక్కువైతే అక్కడే ఆపేయమని రాయండి. ఆ తర్వాతే ప్రోగ్రాంకు ఈ కొత్త దారి ఇవ్వాలి.

ఫలితాలు వెనక్కి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. జాబ్ అయిపోగానే చాలా కేంద్రాల్లో నోడ్ డిస్క్‌ను తుడిచేస్తారు. తుడవకపోయినా మీరు మళ్లీ ఆ నోడ్‌లోకి పోలేరు. స్క్రిప్ట్ చివర ఒక కాపీ వరస రాస్తే సరిపోదు, ఎందుకంటే సమయం మించితే ఆ వరస దాకా రానే రాదు. స్లర్మ్ ముందు టర్మ్ సిగ్నల్ పంపి, మామూలు సెట్టింగుల్లో 30 సెకన్లకు చంపేస్తుంది. కాబట్టి ఎస్‌బ్యాచ్‌లో సిగ్నల్ ఆప్షన్ పెట్టి, గడువుకు 600 సెకన్ల ముందే స్క్రిప్ట్‌కు కబురు అందేలా చేయండి. స్క్రిప్ట్‌లో ట్రాప్‌తో ఆ కబురు పట్టుకుని ఫలితాలను స్క్రాచ్‌కు తెచ్చే ఫంక్షన్‌ను నడపండి. ఇందులో ఒక మెలిక ఉంది. ప్రోగ్రాం ముందుభాగంలో నడుస్తుంటే అది ముగిసేదాకా బ్యాష్ ట్రాప్‌ను పట్టించుకోదు. ప్రోగ్రాం వరస చివర యాంపర్శాండ్ పెట్టి వెనకాల నడిపించి, కింద వెయిట్ రాయండి. అప్పుడే కబురు అందిన క్షణాన ట్రాప్ పనిచేస్తుంది. వీటన్నిటికంటే గట్టి రక్ష ఇంకోటుంది: మోడల్ చెక్‌పాయింట్లు చిన్నవే, వాటిని ప్రతి చుట్టు తర్వాతా నేరుగా స్క్రాచ్‌లోనే రాయించండి.

నోడ్లు ఒకటికి మించితే. స్క్రిప్ట్‌లో మామూలుగా కాపీ చేసే సీపీ ఆదేశం రాస్తే అది మొదటి నోడ్ మీదే జరుగుతుంది. మిగతా నోడ్లలో డైరెక్టరీ కూడా పుట్టదు, ఫైల్ లేదన్న ఎర్రర్ వస్తుంది. ఇందుకే స్లర్మ్‌లో ఎస్‌బీకాస్ట్ ఆదేశం ఉంది. స్క్రాచ్‌లోని మూట దారి, ఆపైన టీఎంపీలో చేరాల్సిన దారి రాస్తే జాబ్‌లోని అన్ని నోడ్లకూ పంచుతుంది. నోడ్లు అందుకున్నదాన్ని తామూ ముందుకు పంపుతాయి కాబట్టి స్క్రాచ్ మీద భారం తక్కువ. డైరెక్టరీ చేయడానికీ, మూట విప్పడానికీ ఎస్‌రన్‌ను నోడ్‌కు ఒక టాస్క్ చొప్పున నడపాలి. ఫలితాలు తేవడానికి ఎస్‌గ్యాదర్ వాడండి, తెచ్చే ప్రతి ఫైల్ పేరు చివర నోడ్ పేరు చేరుస్తుంది కాబట్టి ఒకటి మీద ఒకటి పడవు.

మొదటిసారి ఏడాది డేటాతో దిగకండి. ఒక నెల మూటతో, రెండు నోడ్లతో, పావుగంట గడువుతో నడపండి. గడువు కావాలనే చాలకుండా పెట్టి, ఫలితాలు స్క్రాచ్‌కు చేరాయో లేదో చూసుకోండి. చేరితే 73 చిత్రాలకు జాబ్ వేయండి. స్క్రాచ్‌లో పాత ఫైళ్లను ఎన్ని రోజులకు తీసేస్తారో ఆ కేంద్రం సహాయ విభాగాన్ని అడిగి, ఆ గడువులోపు ఫలితాలను మీ కంప్యూటర్‌కు ఆర్‌సింక్ చేసుకోండి.