బోరుకు ఆరంకెల పేరు

ఎర్రమంచి అనగానే అందరికీ కియా ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. నాకు మా చిన్నాయన బోరు బండి గుర్తొస్తుంది. పోయిన ఎండాకాలం ఆయన కోసం ఆన్‌లైన్‌లో టెండర్లు వెతికే డ్యూటీ నాది. రోజూ 'బోర్‌వెల్' అని టైప్ చేసి, ఏమీ రాకపోతే లాప్‌టాప్ మూసేసేవాణ్ణి. పక్క మండలంలో ఒక పని వేరేవాళ్ళకి వెళ్ళిపోయాక తెలిసింది, నోటీసులో ఉన్న మాట 'ట్యూబ్‌వెల్' అని. కేటగిరీ దగ్గర 'సివిల్ వర్క్స్' అని మాత్రమే ఉంది. అందులోకి రోడ్డూ వస్తుంది, బడి గోడా వస్తుంది.

"కంప్యూటర్ చదువుతాండావు కదప్పా, ఇది కనపడల్యా?" అన్నాడు చిన్నాయన. బండి చాలా రోజులు ఇంటి ముందే నిలబడింది.

బోరు, బోర్‌వెల్, ట్యూబ్‌వెల్, డ్రిల్లింగ్, గొట్టపు బావి: మనకి ఒకటే పని, కంప్యూటర్‌కి ఐదు వేర్వేరు స్ట్రింగ్‌లు. ఈ తలనొప్పికి కనిపెట్టిన మందే వర్గీకరణ కోడ్.

ఐరోపా యూనియన్‌లో పెద్ద ప్రభుత్వ టెండర్లకి సీపీవీ అనే కోడ్ వేయాలి. ఇప్పుడు వాడుతున్న రూపం 2008 నుంచి ఉంది. ఎనిమిది అంకెలు, వాటిలో తప్పు దొర్లితే పట్టుకోవడానికి చివర తొమ్మిదోది. నీటి బావి తవ్వకం 45262220. ఎడమ నుంచి చదవండి: 45 నిర్మాణం, 45262 ప్రత్యేక నిర్మాణ పనులు, 452622 పునాదులు, బావులు. మనం డేటా స్ట్రక్చర్స్‌లో చదివిన ట్రై అచ్చం ఇదే. నోటీసు జర్మన్‌లో రాసినా, గ్రీకులో రాసినా అంకె మారదు. పనులు తక్కువగా దొరికితే కుడి నుంచి ఒక్కో అంకె తీసేస్తూ పైకెక్కచ్చు. మరీ పైకెక్కితే మళ్ళీ రోడ్లూ గోడలూ వచ్చి మీద పడతాయి.

మన దగ్గర కోడ్ లేదా అంటే ఉంది, బిల్లు మీద! జీఎస్టీలో సేవలన్నీ 99తో మొదలవుతాయి. 9954 నిర్మాణం, 99543 స్థలం సిద్ధం చేయడం, 995434 నీటి బావి తవ్వకం. నవ్వొచ్చేదేంటంటే, సెప్టిక్ ట్యాంకు పని కూడా ఇదే కోడ్‌లో ఉంది. తాగే నీళ్ళూ అదీ ఒకే గూట్లో! సీపీవీ బావిని పునాదుల పక్కన పెడితే, మనవాళ్ళు నేల చదును పక్కన పెట్టారు. రెండూ ఎవరో కూర్చుని తేల్చుకున్న అభిప్రాయాలే అనిపిస్తుంది నాకు. పని అయ్యాక బిల్లులో వేసే ఆ ఆరంకెలు, పని వెతుక్కునేటప్పుడు నోటీసులో ఉండుంటే నాకు ఆ తిట్లు తప్పేవి.

అందుకే ఆ ఐదు పేర్లనీ 995434 కింద కట్టేసి చిన్న స్క్రిప్ట్ రాసుకున్నా. మొన్న పాత బోర్ల ఫ్లషింగ్‌కి టెండర్ వచ్చింది, అంటే పూడికని కంప్రెసర్‌తో బయటికి కొట్టడం. నా స్క్రిప్ట్ దాన్ని మరమ్మతు అనుకుని పక్కన పెట్టింది.

"బండి మనదే, డీజిల్ మనదే, మనుషులు మనోళ్ళే. బోరు పని కాదంటే ఎట్లప్పా?" అన్నాడు చిన్నాయన.

దాన్ని ఏ అంకె కింద పెట్టాలో ఇద్దరం ఇంకా తేల్చుకోలేదు. ఈసారి మాత్రం ముందు బిడ్ వేసి, తర్వాత వాదించుకున్నాం.