మోటారా, ట్రాక్టరా?

పల్లెకు పంచాయతీ ఉన్నట్టే పట్టణానికి మున్సిపాలిటీ ఉంటుంది. దీన్నే పురపాలక సంఘం అంటారు. కుళాయి నీళ్లు, వీధి దీపాలు, మురుగు కాలువలు, చెత్త ఎత్తడం, దోమల మందు కొట్టడం ఇవన్నీ దాని పనులే. పట్టణాన్ని వార్డులుగా విడగొడతారు. ఒక్కో వార్డు నుంచి ఒక్కో కౌన్సిలర్‌ని ఓటేసి గెలిపిస్తాం. వీళ్లంతా కూర్చుని మాట్లాడుకునేదే కౌన్సిల్.

కమిషనర్ వేరు. ఆయన ప్రభుత్వ ఉద్యోగి. కౌన్సిల్ ఒప్పుకున్న పనిని చేయించడం ఆయన బాధ్యత. చాలామంది కమిషనరే మున్సిపాలిటీ అనుకుంటారు. ఏ పని ముందు, ఏ పని వెనక అని తేల్చాల్సింది కౌన్సిలే.

ఎలా తేలుస్తారు? ఒక చిన్న పట్టణం అనుకుందాం. ఊరి చివర ఒక మిట్ట వార్డు ఉంది. ట్యాంకు నీళ్లు ముందు పల్లపు వీధులకు పోతాయి. మిట్ట ఎక్కేసరికి సన్నటి ధార మిగులుతుంది. నీళ్లు ఎక్కించే మోటారు పాతది. మాటిమాటికీ కాలిపోతుంది. కుళాయి దగ్గర కనిపించినప్పుడల్లా ఆడవాళ్లు కౌన్సిలరమ్మను అడుగుతారు.

"మీటింగులో చెప్తాలే పిన్నీ" అంటుంది ఆమె. చెప్తుంది కూడా. కానీ అక్కడ నోటిమాటకు నిలకడ లేదు.

మీటింగుకు ముందే సభ్యులకు ఒక కాగితం పంపుతారు. దాని పేరు ఎజెండా. ఆ రోజు ఏయే విషయాలు మాట్లాడాలో అందులో వరుసగా రాసి ఉంటుంది. ఆ నెల ఎజెండాలో చెత్త ట్రాక్టరు కొనే విషయం ఉంది. మిట్ట వార్డు మోటారు లేదు. రాసి లేనిదాని మీద తీర్మానం ఎలా చేస్తారు?

ఈ సంగతి తెలిశాక రాత్రి బడిలో చదువుకున్న ఆడవాళ్లు అర్జీ రాశారు.

"మున్సిపల్ ఛైర్‌పర్సన్ గారికి నమస్కరించి రాయునది. మా వార్డులో 140 ఇళ్లు ఉన్నాయి. రెండు రోజులకొకసారి పావుగంట మాత్రమే నీళ్లు వస్తున్నాయి. నీళ్ల కోసం కూలి పని మానుకోవలసి వస్తోంది. కొత్త మోటారు విషయం వచ్చే మీటింగు ఎజెండాలో పెట్టవలసిందిగా కోరుతున్నాము."

కింద 62 సంతకాలు. వేలిముద్రలు మూడే. అర్జీ ఇచ్చి, రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకున్నారు. ఈ ముద్ర లేకపోతే అర్జీ ఇచ్చినట్టు రుజువు ఉండదు.

తర్వాతి మీటింగులో రెండు విషయాలూ వచ్చాయి. ఇంటి పన్ను, నీటి పన్ను, ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు అన్నీ కలిపినా చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతుంది. "చెత్త కుళ్లితే జబ్బులు ఊరంతటికీ వస్తాయి. మోటారు ఒక్క వార్డుకే కదా?" అన్నాడు బజారు వార్డు కౌన్సిలర్. ఆ మాటలోనూ న్యాయం ఉంది. కౌన్సిలరమ్మ అర్జీ తీసి చదివింది. "ట్రాక్టరు పాతదైనా నడుస్తోందన్నా. మా నీళ్లు నడవడం లేదు" అంది. చేతులు ఎత్తమన్నారు. మోటారుకు ఎక్కువ చేతులు లేచాయి. పాత ట్రాక్టరు బాగుచేయిద్దాం, కొత్తది వచ్చే బడ్జెట్‌లో చూద్దాం అని తీర్మానం రాసుకున్నారు. బజారు వాళ్లకు కోపం వచ్చింది. వాళ్ల వీధిలో చెత్తకుప్ప ఇంకొన్నాళ్లు అలాగే ఉండిపోయింది.

ఆ కుర్చీలో కౌన్సిలరమ్మ ఉండడం వెనక ఒక చట్టం ఉంది. రాజ్యాంగ 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మున్సిపాలిటీల్లో కనీసం మూడో వంతు సీట్లు ఆడవాళ్లవి. తెలుగు రాష్ట్రాల్లో తర్వాత దాన్ని సగం చేశారు. కొన్నిచోట్ల భార్య గెలిస్తే భర్త పెత్తనం చేస్తాడు. ఓటేసింది ఆమెకు. మీటింగులో కూర్చునే హక్కు ఆమెదే, చెయ్యి ఎత్తే హక్కూ ఆమెదే.

తీర్మానం అయింది కదా అని మోటారు మర్నాడే రాదు. టెండరు పిలవాలి, ధరలు చూడాలి. అందుకే మిట్ట వార్డు ఆడవాళ్లు తీర్మానం నంబరు, తేదీ రాసి పెట్టుకున్నారు. పని కదలకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. అది 2005లో వచ్చింది. తీర్మానం కాపీ ఇమ్మని, టెండరు ఎప్పుడు పిలిచారో చెప్పమని రాసి అడగవచ్చు. దరఖాస్తు రుసుము 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. 30 రోజుల్లోగా జవాబు ఇవ్వాలి.