108 గుర్రాలు ఏ ఆర్పీఎం దగ్గర?



నువ్వు పంపిన రెండు బ్రోషర్లూ చదివాను. కవాసాకి జెడ్900 ఒకటి, ట్రయంఫ్ స్ట్రీట్ ట్రిపుల్ 765 ఇంకొకటి. ట్రయంఫ్‌లో మళ్లీ ఆర్, ఆర్‌ఎస్ అని రెండు రకాలు. కింద ఎర్ర ఇంకుతో ఒక మాట రాశావు: ‘ట్రయంఫ్ ఆర్‌ఎస్‌కి 130 హార్స్‌పవర్, కవాసాకికి 125. కాబట్టి ట్రయంఫే కదా మామయ్యా!’ నాకు పేచీ ఆ ‘కాబట్టి’తోనే. చివరికి నువ్వు ట్రయంఫే కొనొచ్చు, నేనే కొనమనొచ్చు కూడా. ఆ కారణానికి మాత్రం కొనకు.

పవర్ అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఇంకో అంకె ఉంటుంది. చాలామంది దాన్ని దాటేస్తారు. కవాసాకి తన 125 ఇచ్చేది 9,500 ఆర్పీఎం దగ్గర, ట్రయంఫ్ ఆర్‌ఎస్ తన 130 ఇచ్చేది 12,000 దగ్గర. హార్స్‌పవర్ అంటే వేరే ఏదో కాదు, ఇంజన్ తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ని, అది నిమిషానికి తిరిగే చుట్లతో హెచ్చవేస్తే వచ్చేదే. న్యూటన్ మీటర్లలో ఉన్న టార్క్‌ని ఆర్పీఎంతో గుణించి 7,023తో భాగించు. కాగితం తీసుకో. జెడ్900 గరిష్ఠ టార్క్ 98.6 (2025 మోడల్‌లో పిసరంత తక్కువ), అది 7,700 దగ్గర. ట్రయంఫ్‌ది 80, అది 9,500 దగ్గర. రెండు లెక్కలూ కట్టి చూడు, రెండింటికీ 108 వస్తుంది. అవే 108 గుర్రాలు కవాసాకిలో 7,700కే లాయం దాటుతాయి. ట్రయంఫ్‌లో ఇంకో 1,800 చుట్లు ఆగాలి. ట్రయంఫ్ ఆ 9,500 చేరేసరికి కవాసాకి తన 125 మొత్తం ఇచ్చేసి ఉంటుంది.

ఇంకో లెక్క కూడా చెయ్యి, సరదాగా ఉంటుంది. 98.6ని 948 సీసీతో, 80ని 765 సీసీతో భాగించి లీటరుకి ఎంతో చూడు. రెండూ 104 చిల్లరే. అంటే ఇటు జపాను వాళ్లూ అటు ఇంగ్లండు వాళ్లూ ఒక్కో లీటరు నుంచి ఇంచుమించు ఒకే టార్క్ పిండారు. కవాసాకిలో ఎక్కువగా కనిపించేది ఇంజన్ పెద్దది కావడం వల్ల వచ్చింది. ట్రయంఫ్‌లో ఎక్కువగా కనిపించేది ఇంజన్ వేగంగా తిరగడం వల్ల వచ్చింది. బండి ఎంచుకోవడమంటే ఈ రెండింట్లో నీ రోడ్డుకి ఏది కావాలో తేల్చుకోవడం.

మరి నీ రోడ్డు ఏది? నాలుగు వరసల జాతీయ రహదారి మీద మోటార్ సైకిల్‌కి చట్టం ఇచ్చిన వేగం గంటకి 80 కిలోమీటర్లు. హైదరాబాద్ ఓఆర్‌ఆర్ మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్లను రానివ్వరు. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికీ అంతే. ఈ రెండు బండ్లలో దేన్నైనా మొదటి గేర్లోనే రెడ్‌లైన్ దాకా లాగితే ఆ 80 ఎప్పుడో దాటిపోతుంది. కాబట్టి (ఇది నా ‘కాబట్టి’) 12,000 దగ్గరున్న ఆ 130 నీకు రేస్ ట్రాక్ మీద తప్ప కనిపించదు. రోజూ నువ్వు ఉండేది 3,000కీ 6,000కీ మధ్య. బ్రోషర్ ఆ భాగం గురించి ఒక్క ముక్క చెప్పదు.

ఆ మధ్య భాగంలో జెడ్900ది పైచేయి. విజయవాడ రోడ్డు మీద లారీ వెనకాల ఐదో గేర్లో వస్తున్నావనుకో. గేరు మార్చే పని లేకుండా థ్రాటిల్ కొంచెం తిప్పితే బండి లారీని దాటేస్తుంది. ట్రయంఫ్ అయితే ఒకటో రెండో గేర్లు దించాలి. దించడానికి క్లచ్ కూడా పట్టనక్కర్లేదు, క్విక్ షిఫ్టర్ ఉంది. కానీ దించాలి. ఇక్కడ ట్రయంఫ్ తరఫున ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఇంజన్ దగ్గరి టార్క్ నేరుగా చక్రానికి చేరదు, గేర్లు దాన్ని పెంచి పంపుతాయి. వేగంగా తిరిగే ఇంజన్‌కి పొట్టి గేర్లు పెట్టుకునే వెసులుబాటు ఉంటుంది. 2023 మోడల్‌కి ట్రయంఫ్ వాళ్లు సరిగ్గా ఆ పనే చేశారు. అందుకే కాగితం మీద కనిపించే 98.6కీ 80కీ ఉన్నంత దూరం రోడ్డు మీద ఉండదు. ఉంటుంది, కానీ అంత కాదు.

సిలిండర్ల సంగతి. నాలుగు సిలిండర్ల ఇంజన్ క్రాంక్ సగం చుట్టు తిరిగినప్పుడల్లా ఒకసారి పేలుతుంది, మూడు సిలిండర్లది 240 డిగ్రీలకి ఒకసారి. ఇప్పుడు నువ్వు తోలే 390 డ్యూక్‌ది ఒకటే సిలిండర్, రెండు పూర్తి చుట్లకి ఒకసారి పేలుతుంది. నెమ్మదిగా వెళ్తుంటే అది టాప్ గేర్లో మూలిగి తల ఊపేది అందుకే. ఈ రెండూ అలా ఊపవు. జెడ్900 బాగా నున్నగా తిరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ హ్యాండిల్‌లో, ఫుట్‌రెస్ట్‌లో సన్నటి జుమ్మనే వణుకు మొదలవుతుంది, నాలుగు సిలిండర్ల జాతి లక్షణం అది. ట్రిపుల్‌కి కింద ఒక గురగుర, పైకి పోయేకొద్దీ ఒక అరుపు. 2019 నుంచి మోటో2 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పరిగెత్తే బండ్లన్నిటికీ ఈ 765 వంశపు ఇంజనే. ఆ శబ్దం కోసమే కొనేవాళ్లు ఉన్నారు, నేను తప్పు పట్టను. కవాసాకి వంశమూ తక్కువదేం కాదు. 1972లో వచ్చిన 903 సీసీ జెడ్1 దగ్గర మొదలైంది.

ఇక బరువు. నాకు పవర్ కంటే ఇదే ముఖ్యం. జెడ్900 పెట్రోలుతో కలిపి 212 కిలోలు. స్ట్రీట్ ట్రిపుల్ ఆర్ 189, ఆర్‌ఎస్ 188. తేడా ఇంచుమించు పాతిక కిలోల బియ్యం బస్తా. ఆ బస్తా హైవే మీద నిన్ను ఏమీ అనదు. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద బండి వెనక్కి లాగేటప్పుడు, కంకర మీద యూటర్న్ కొట్టేటప్పుడు అంటుంది. సీటు ఎత్తు కవాసాకికి 820 మిల్లీమీటర్లు, ఆర్‌కి 826, ఆర్‌ఎస్‌కి 836. ఈ అంకెలు చూసి కాలు ఆనుతుందో లేదో తేల్చకు. నాలుగు సిలిండర్లు అడ్డంగా పేర్చిన బండికి నడుము వెడల్పు, ట్రిపుల్ సన్నం. బూట్లు వేసుకుని కూర్చుని చూడు.

శ్రీశైలం ఘాట్‌లో ఈ తేడాలన్నీ ఒకేసారి బయటపడతాయి. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అడవిలో రోడ్డు చాలావరకు తిన్నగా పోతుంది. అక్కడ జెడ్900 మీద కూర్చున్నవాళ్లు మహారాజులు. దోమలపెంట తర్వాత ఒంపులు మొదలై పాతాళగంగ వంతెన దాకా దిగుతూనే ఉంటాయి. అక్కడ ట్రయంఫ్ చేతిలో ఉండాలి. కవాసాకి ముందు చక్రం ట్రెయిల్ 110 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, ట్రయంఫ్‌ది 98 దగ్గర. ఈ అంకె పెరిగేకొద్దీ బండి తిన్నగా పోవడానికి ఇష్టపడుతుంది, తగ్గేకొద్దీ మలుపులోకి చప్పున వాలుతుంది. ట్రయంఫ్ రెండు చక్రాల మధ్య దూరం కూడా తక్కువ. ఫ్రేమ్ అల్యూమినియం, కవాసాకిది స్టీలు ట్రెలిస్. (రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ అడవి రోడ్డు మూసేస్తారు. తెల్లవారుజామున బయల్దేరి గేటు దగ్గర పడిగాపులు పడకు.)

ఆర్‌ఎస్ మీద మోజు పడ్డావు కనక చెప్తున్నాను. దాని బ్రెంబో స్టైలెమా బ్రేకులు, వెనక ఓహ్లిన్స్ షాకబ్జార్, పిరెల్లి సూపర్‌కోర్సా టైర్లు, అన్నీ మేలురకమే. అన్నీ ట్రాక్‌ని దృష్టిలో పెట్టుకుని వేసినవే. ఆ టైర్లు వేడెక్కితేనే రోడ్డుని గట్టిగా పట్టుకుంటాయి. జూలై వానలో మెహదీపట్నం సిగ్నల్ దగ్గర వేడెక్కవు. ఆర్‌లో 120 హార్స్‌పవర్, అదే 80 టార్క్. సస్పెన్షన్ కొంచెం మెత్తన, టైర్లు రోడ్డు టైర్లు. పది చోట్లలో తొమ్మిది చోట్ల ఆర్‌కీ ఆర్‌ఎస్‌కీ మధ్య తేడా నీకు తెలియదు, బిల్లులో మాత్రం తెలుస్తుంది. 2023లో విడుదలైనప్పుడు ఎక్స్ షోరూమ్ ధరలు 10.17 లక్షలు, 11.81 లక్షలు. ఆ తేడాతో మంచి హెల్మెట్, జాకెట్, బూట్లు కొనుక్కుని, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో రైడింగ్ క్లాసుకి కూడా వెళ్లి రావచ్చు.

క్లాసు అన్నానని అలగకు. ఐరోపాలో కుర్రాళ్లకి ఇచ్చే ఏ2 లైసెన్స్‌తో 35 కిలోవాట్లు, అంటే దాదాపు 47 హార్స్‌పవర్, మించి తోలనివ్వరు. వాళ్లకి అమ్మడానికి కవాసాకి ఈ జెడ్900నే 70 కిలోవాట్లకి తగ్గించి, దాన్ని మళ్లీ 35కి కుదించే వీలుతో తయారు చేసింది. మన దగ్గర 18 నిండి గేర్ల బండి లైసెన్స్ ఉంటే 43 హార్స్‌పవర్ డ్యూక్ మీద నుంచి దిగి ఆ సాయంత్రమే 125 మీద ఎక్కొచ్చు. నీకు బలం మూడింతలు కాబోతోంది. ఆర్ తీసుకుంటే బరువు పెరిగేది 20 కిలోల లోపే. మొదటి నెలలు రెయిన్ మోడ్‌లో తోలు, సిగ్గేం లేదు. జెడ్900లో బలం కింది నుంచే వస్తుంది కనక గుంటలో చెయ్యి జర్కు తింటే అది నేరుగా వెనక చక్రానికి చేరుతుంది. ట్రయంఫ్‌లో బలం మెట్లెక్కుతూ వస్తుంది, నీకు కాస్త వ్యవధి దొరుకుతుంది.

ఎవరైనా సెకండ్ హ్యాండ్ జెడ్900 చూపిస్తే తయారైన ఏడాది ముందు అడుగు. 2025 మోడల్ నుంచి బండి ఎంత వాలి ఉందో కనిపెట్టే సెన్సర్ వచ్చింది. మలుపులో బ్రేకు వేస్తే ఏబీఎస్ దానికి తగ్గట్టు పనిచేస్తుంది. టార్క్ పిసరంత తగ్గింది, పట్టించుకోకు. అంతకు ముందు వాటిలో ఈ సెన్సర్ లేదు. ట్రయంఫ్ రెండింటిలోనూ 2023 నుంచే ఉంది.

పెట్రోలు దగ్గర చిన్న సంగతి. ట్రయంఫ్ కంప్రెషన్ 13.25, కవాసాకిది 11.8. కంప్రెషన్ అంత ఎక్కువైతే మామూలు పెట్రోలు కంటే 95 ఆక్టేన్ పొయ్యడం మేలు. ఊళ్లో దొరుకుతుంది, అడవి దాటాక ఎక్కడ దొరుకుతుందో చూసుకోవాలి. ట్యాంకు కూడా ట్రయంఫ్‌ది 15 లీటర్లు, కవాసాకిది 17. రెండూ ముందు గాలికి అడ్డు లేని నేకెడ్ బండ్లే కనక గాలి నేరుగా రొమ్ముకి తగులుతుంది. 80 దగ్గర హాయి, 120 దగ్గర మెడ పీకుతుంది. ఏప్రిల్ ఎండలో సిగ్నల్ దగ్గర రెండింటి రేడియేటర్ ఫ్యానూ మోకాళ్లని కాలుస్తుంది. అమ్మని శ్రీశైలం తీసుకెళ్తానన్నావట. వెనక సీట్లు చూశావా? మా అక్క సంగతి నాకు తెలుసు, షాద్‌నగర్ కూడా రాదు. ఆవిడకి బస్సు టికెట్ తియ్యి.

నా తీర్పు అడిగితే, నీకు స్ట్రీట్ ట్రిపుల్ ఆర్. ఆదివారాలు, ఘాట్లు, ఒంటరి ప్రయాణాలు, సెల్లార్ పార్కింగ్, ఇదీ నీ వాడకం. నెలకి రెండుసార్లు బెంగళూరు వెళ్లొచ్చే ఉద్యోగమైతే జెడ్900 అనేవాణ్ణి. నా మటుకు నేను కొనుక్కునేది అదే, ఈ వయసులో గేర్లు దించే ఓపిక నాకు లేదు.

టెస్ట్ రైడ్‌లో గట్టిగా లాగి చూడకు, ఏ బండైనా లాగుతుంది. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్లో 40 దగ్గర పెట్టి, థ్రాటిల్ నెమ్మదిగా తెరువు. అక్కడి నుంచి 80 దాకా బండి ఎలా వచ్చిందో అది నీ బండి. తర్వాత గేరు దించి మళ్లీ చెయ్యి. రెండు షోరూముల్లోనూ ఇదే పని, వీలైతే ఒకే రోజు. తిరిగి వచ్చేటప్పుడు ఆన్ రోడ్ కొటేషన్ రాయించుకో, బ్రోషర్ ధర నమ్మకు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాటిన బండ్లకి జీఎస్టీ 40 శాతం, దాని మీద మన లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్. సర్వీసుకి ఎన్ని కిలోమీటర్లకి రావాలో, వాల్వ్ క్లియరెన్స్ చూడ్డానికి ఎంత తీసుకుంటారో, వెనక టైరు ఎంతో కూడా అదే కాగితం మీద రాయమను. రెండు కాగితాలూ ఫొటో తీసి పంపు. ‘హ్యాండ్లింగ్ ఛార్జీలు’ అని ఏమైనా కలిపితే నేను ఫోన్ చేసి మాట్లాడతాను.

ఇట్లు,
మామయ్య