ఒకే మామిడికాయకు ఎన్ని పేర్లు? 'గూడ్స్' మాటను ఇంట్లో నేర్పించే పద్ధతి



మీ పిల్లల ఇంగ్లిష్ నోట్‌బుక్ తీసి చూడండి. 'గూడ్స్' అన్న మాట ఎదురుగా ప్రొడక్ట్స్, కమోడిటీస్, మర్చండైజ్, వేర్స్, స్టఫ్, కార్గో అని ఒక వరుస ఉంటుంది. అన్నిటికీ అర్థం 'వస్తువులు' అని రాసుకుని ఉంటారు. సినానిమ్ అడిగితే మార్కు వస్తుంది. సొంత వాక్యం రాయమన్నప్పుడే చిక్కు. సెలవులకు అమ్మమ్మ ఊరికి తీసుకెళ్లిన బట్టల సంచిని 'మర్చండైజ్' అని రాసేస్తారు. అర్థం కంఠస్థం అయింది, మాట వాడే చోటు తెలియలేదు.

"మాకు ఇంగ్లిష్ అంతగా రాదు, మేమేం చెప్పగలం?" అని చాలామంది వెనకాడతారు. ఈ పాఠానికి కావలసిన అసలు తెలివి మీ దగ్గర తెలుగులోనే ఉంది.

సరుకు వేరు, సామాను వేరు

అంగట్లో అమ్మకానికి ఉన్నది సరుకు. ఇల్లు మారేటప్పుడు బండికెత్తేది సామాను. "అంగట్లోకి కొత్త సామాను దిగింది" అన్నా అర్థమవుతుందేమో గానీ, "ఇల్లు మారుతున్నాం, సరుకు సర్దండి" అని ఎవరూ అనరు. ఈ తేడా మీ పిల్లలకు కూడా తెలుసు. ఇంగ్లిష్‌లో 'గూడ్స్', 'మర్చండైజ్' మన సరుకు వైపు మాటలు. 'లగేజ్', 'బిలాంగింగ్స్', 'స్టఫ్' సామాను వైపు మాటలు. అలిపిరి దగ్గర నడక భక్తులు అప్పగించేది లగేజ్. అది అమ్మకానికి కాదు కాబట్టి మర్చండైజ్ కాదు.

తోట నుంచి అంగడి దాకా

మన చిత్తూరు జిల్లా తోతాపురి కాయ వెంట ఒకసారి నడవండి. తోటలో కాసిన పంట 'ప్రొడ్యూస్'. దామలచెరువు మండీకి చేరి, ఎవరి తోటదన్న పేరు పోయి, ఆ రోజు ధరకు అమ్ముడైతే 'కమోడిటీ'. గుజ్జు ఫ్యాక్టరీ గేటు దాటితే 'రా మెటీరియల్'. డబ్బాలో నిండిన గుజ్జు 'ప్రొడక్ట్'. ఆ డబ్బాలు ఓడ ఎక్కితే 'కార్గో'. అంగట్లో అమ్మకానికి పేర్చితే 'మర్చండైజ్'. అన్ని చోట్లా గూడ్సే, కానీ ఒక్కో చోట ఒక్కో పేరు.

వీటిలో 'కమోడిటీ' మాటను రైతు బిడ్డలు తేలిగ్గా పట్టుకుంటారు. దాని ధరను పండించినవారు కాదు, మార్కెట్ నిర్ణయిస్తుంది. 2025లో తోతాపురి ధర పడిపోయినప్పుడు రైతుకు కిలోకు 12 రూపాయలు దక్కేలా, అందులో 4 రూపాయలు తాను ఇచ్చేలా ప్రభుత్వం ప్రకటించింది ఇందుకే. ఆ సంగతి ఇంట్లో మాట్లాడుకున్న పిల్లలకు ఈ మాట మళ్లీ మరుపు రాదు.

రవాణా మాటలు లారీలున్న ఇళ్లలో బాగా తెలుస్తాయి. 'ఫ్రైట్' అంటే మోసుకెళ్లే సరుకు, దానికిచ్చే కిరాయి కూడా. రేణిగుంటలో మనం చూసే గూడ్స్ బండిని అమెరికాలో ఫ్రైట్ ట్రైన్ అంటారు.

చట్టం ఏమంటుంది?

1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం ప్రకారం గూడ్స్ అంటే కదిలించగల ఆస్తి. భూమి గూడ్స్ కాదు, చెలామణిలో ఉన్న డబ్బూ కాదు. మరి చెట్టు మీది కాయ? కోసి ఇచ్చే ఒప్పందంతో అమ్మితే ఆ పంట గూడ్స్ కిందికే వస్తుంది. తోట మీది కాపు అమ్మే ఇళ్లలో ఇది రోజువారీ విషయమే.

2017 జూలై 1న వచ్చిన జీఎస్టీలో మొదటి రెండు అక్షరాలు గూడ్స్, సర్వీసెస్. చీర కొంటే గూడ్స్. ఆ చీరకు ఫాల్ కుట్టించుకుంటే సర్వీస్.

మరో ఉదాహరణ మన ఊరిదే. తిరుపతి లడ్డూకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. శ్రీకాళహస్తి కలంకారీకి, వెంకటగిరి చీరలకు కూడా ఆ గుర్తింపు ఉంది. అది ఇచ్చే 1999 చట్టం పేరులోనే 'గూడ్స్' ఉంది. చట్టం దృష్టిలో లడ్డూ కూడా గూడ్సే. కానీ ఇంటికి తెచ్చిన లడ్డూను మనం సరుకు అనం, కళ్లకద్దుకుని ప్రసాదం అంటాం. మాటకు అర్థంతో పాటు మర్యాద కూడా ఉంటుందని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

తరచూ దొర్లే తప్పులు

• 'గూడ్స్' ఎప్పుడూ బహువచనమే. 'ద గూడ్స్ ఆర్ రెడీ' అనాలి, 'ఈజ్' కాదు. ఒక్క వస్తువైతే 'యాన్ ఐటెమ్' అనడం మేలు.

• 'లగేజ్', 'స్టఫ్', 'మర్చండైజ్', పంట అనే అర్థంలో 'ప్రొడ్యూస్': వీటి చివర 'స్' చేర్చకూడదు.

• 'ప్రొడ్యూస్' నామవాచకమైతే మొదటి అక్షరం ఒత్తి పలకాలి. క్రియ అయితే చివరి భాగం ఒత్తాలి.

• 'స్టఫ్' స్నేహితులతో మాట్లాడేటప్పుడు బాగుంటుంది. లేఖల్లో, పరీక్షల్లో వద్దు.

• 'వేర్' విడిగా కన్నా జంటగా ఎక్కువ కనిపిస్తుంది: కిచెన్‌వేర్, హార్డ్‌వేర్. 'వేర్స్' అంటే వీధిలోనో సంతలోనో అమ్ముకునేవారి సరుకులు.

ఈ నెల ఇంట్లో చేయించండి

నెల సరుకులు తెచ్చిన రోజు బిల్లు పిల్లల చేతికివ్వండి. ఏవైనా ఐదు వస్తువులు ఎంచుకోమనండి. ఒక్కోదాని గురించి మూడు ప్రశ్నలు అడగండి: ఇది ఎక్కడ పండింది లేదా తయారైంది? మన అంగడిదాకా ఎలా వచ్చింది? ఇప్పుడు దీన్ని మనం ఏమంటాం? జవాబులు ముందు తెలుగులో చెప్పనివ్వండి. తరువాత ఒక్కో దశకు తగిన ఇంగ్లిష్ మాట పెట్టి వాక్యం రాయించండి. మీరు చేసే వ్యవసాయం, వ్యాపారం, ఉద్యోగం గురించి రెండు వాక్యాలు అదనంగా రాయిస్తే ఇంకా మంచిది. మీ పనిలో రోజూ వాడే మాటలు ఏ గైడులోనూ దొరకవు. అవి మీ దగ్గరే నేర్చుకోవాలి.