చెలిమికి ఒక వేళ ఉండాలి



జరాశాస్త్రం, అంటే మనిషి ముదిమిని శరీరం, మనసు, సమాజం అనే మూడు వైపుల నుంచి పరిశీలించే విద్య, చదవడం మొదలుపెట్టిన విద్యార్థికి వ్యాయామం గురించి ఒక పాఠం, స్నేహ సంబంధాల గురించి మరొక పాఠం వేరువేరుగా ఎదురవుతాయి. పుస్తకంలో ఈ విభజన తప్పదు గానీ, పెద్దల జీవితంలో ఈ రెండూ ఒకదాన్నొకటి నిలబెడుతుంటాయని, ఒకటి సడలితే రెండోదీ సడలుతుందని తొలినాళ్ళ నుంచే గుర్తించడం అవసరం.

ముప్ఫై దాటిన తరువాత కండరాలు మెల్లగా తగ్గుతూ వస్తాయి. అరవై దాటాక ఆ తగ్గుదల వేగం పుంజుకుని బలాన్ని కూడా హరించే స్థితికి చేరితే దాన్ని వైద్యులు సార్కోపీనియా అంటారు; ఈ పేరు 1989లో అర్విన్ రోసెన్‌బర్గ్ సూచించినది. దీని జాడ పరీక్షా యంత్రాలకన్నా ముందే ఇంట్లో కనిపిస్తుంది: ఒక పెద్దాయన కుర్చీ అంచుకు జరిగి, రెండు అరచేతులూ చేతిపిడుల మీద ఆనించి, ఒకటి రెండుసార్లు ముందుకు ఊగి లేస్తున్నారంటే, తొడ కండరాలు చేయవలసిన పనిని చేతులు చేస్తున్నాయన్నమాట. నేల మీద కూర్చుని, వీలైనంత తక్కువ ఆసరాతో లేవడాన్ని 10 మార్కులకు కొలిచే పద్ధతిని బ్రెజిల్ వైద్యుడు క్లాడియో అరౌజో బృందం రూపొందించింది. చెయ్యి గానీ మోకాలు గానీ ఆనిస్తే ఒక మార్కు, తూలితే అర మార్కు తగ్గుతాయి. తక్కువ మార్కులు వచ్చినవారిలో తరువాతి సంవత్సరాల్లో మరణాలు ఎక్కువగా నమోదయ్యాయని 2012లో వారు ప్రకటించారు. పీట మీద కూర్చుని భోంచేసే రోజుల్లో తెలుగు ఇళ్ళలో పూటపూటా జరిగిన ఈ సాధన భోజనాల బల్లలతో చాలామటుకు పోయింది. అయితే మోకాళ్ళు అరిగినవారిని నేల మీద కూర్చోమని ఒత్తిడి చేయడం తగదు. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం వారికి మేలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమను, 65 దాటినవారికి అదనంగా వారానికి మూడు రోజులు తూలకుండా నిలిచే శక్తిని, కండబలాన్ని పెంచే కసరత్తులను సూచిస్తున్నాయి. మధ్యస్థ శ్రమ అంటే మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగం. వైద్యులు సూచించే నడక, ఇద్దరు స్నేహితులు కబుర్లాడుకుంటూ చురుగ్గా నడిచే నడక ఒకటే కావడం ఇక్కడ అన్నిటికన్నా విలువైన సంగతి.

చెలిమి కూడా ఖాళీగా ఉంటే నిలిచేది కాదు. పరిచయం గాఢస్నేహంగా మారడానికి 200 గంటలకు పైగా కలిసి గడపవలసి వస్తుందని జెఫ్రీ హాల్ 2018లో ప్రచురించిన అధ్యయనం అంచనా వేసింది. కొత్త మిత్రులను వెతకడం వయసు మీరినవారికి ఎందుకంత కష్టమో, పాత మిత్రులను నిలుపుకోవడం ఎంత లాభమో దీన్నిబట్టి ఊహించవచ్చు. తెలుగు జంటకవులు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, దివాకర్ల తిరుపతిశాస్త్రి చర్ల బ్రహ్మయ్యశాస్త్రి వద్ద సహాధ్యాయులు. కానీ ఆ స్నేహం చదువుతో ఆగిపోక, జంటగా అవధానాలు చేస్తూ ఊరూరా తిరగడం వల్ల పెరిగింది. 1920లో తిరుపతిశాస్త్రి కన్నుమూశాక కూడా వేంకటశాస్త్రి జంట పేరుతోనే రచనలు ప్రకటించారు. కలిసి చేసే పని ఉన్న స్నేహానికి ఎంత ఆయువు ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలుగులో దొరకడం కష్టం.

కనుక ఒక వృద్ధుడిని పరామర్శించే విద్యార్థి, “వ్యాయామం చేస్తున్నారా?” అని అడిగి ఊరుకోరాదు, “రేపు పొద్దున మీరు కనిపించకపోతే ఫోన్ చేసేవారెవరు?” అని కూడా అడగాలి. జవాబు వెంటనే రాకపోతే, మందుల చీటీకన్నా ముందు ఆ లోటు మీద దృష్టి పెట్టాలి: వారంలో ఫలానా రోజు, ఫలానా వేళ, ఫలానా మిత్రుడితో అని ముందే స్థిరపడిన కలయికను ఏర్పరచాలి. “ఎప్పుడైనా కలుద్దాం” అన్న మాట మీద ఆధారపడిన స్నేహాలు ఉద్యోగ విరమణ తరువాత, పిల్లల వద్దకు ఊరు మారిన తరువాత త్వరగా పలచబడతాయి. అలా కలిసి నడిచే జట్టులో ఒకరికి నడక సాగని రోజు వచ్చినప్పుడు కలుసుకునే వేళను మార్చనక్కర లేదు. చోటును మాత్రం ఆయన ఇంటి వరండాకు మార్చి, అదే గంటలో అందరూ కుర్చీ సాధన చేసేటట్లు చూడాలి.